సర్ఫైత్ దారిలో ఆఖరి రాయి

కొండలో ఎన్ని రంధ్రాలు తొలిచి పేలుడుమందు కూరితే లచ్చన్న ఎడమచేతిలో అన్ని గులకరాళ్లు ఉండేవి. అది తండ్రి నేర్పిన పద్ధతి. తండ్రికి ఆయన తండ్రి నేర్పాడు. జగిత్యాల అవతల బండలు కొట్టి బతికే వడ్డెర ఇళ్లల్లో చదువు ఎవరికీ రాకపోయినా ఈ లెక్క మాత్రం అందరికీ వచ్చు. వత్తులకు నిప్పంటించి అందరూ పరుగెత్తి దాక్కుంటారు. లెక్క పెట్టేవాడు ఒక్కో పేలుడుకు ఒక్కో రాయిని కింద పడేస్తాడు. చివరి పేలుడు వినిపించాక మిగిలిన రాయిని మాత్రం పారెయ్యడు. అందరికంటే ముందు బండ దగ్గరికి వెళ్లాల్సిన మనిషి చేతిలో పెడతాడు. అది చేతిలో పడితేనే అడుగు ముందుకు. పడకపోతే గుత్తేదారు వచ్చి అరిచినా ఎవరూ కదలరు.

లచ్చన్న ఎనభై ఆరులో ఒమన్ వచ్చాడు. మరుసటేడు చెల్లెలు వాణి మొగుడు ఓంకార్‌ను కూడా అదే కంపెనీకి పిలిపించుకున్నాడు. సలాలా నుంచి పడమటికి, యెమెన్ సరిహద్దులో ఉన్న సర్ఫైత్ దాకా కంపెనీ దారి వేస్తోంది. ముగ్సైల్ వరకు దారి సముద్రం పక్కనే చదునుగా పోతుంది. అక్కడ కొండ నేరుగా నీళ్లలోకి దిగి, ఇక పోలేవు అన్నట్టు అడ్డం నిలబడుతుంది. అంతకు ముందు అటు వెళ్లినవి ఒంటెలు, ఒంటెల వెనక మనుషులు, సుల్తాను సైన్యం తిరుగుబాటుదారులతో పోరాడిన యుద్ధకాలంలో హెలికాప్టర్లు. ఆ యుద్ధం ముగిసి పదేళ్లు దాటినా కొండలో ఇంకా మిగిలే ఉంది. తెల్లరంగు పూసిన రాళ్లు వరసగా కనిపిస్తే వాటి అవతల కాలు పెట్టకూడదు. అక్కడ పాతిపెట్టిన మందుపాతరలను ఎవరూ పూర్తిగా తవ్వి తీయలేదు.

"ఒకడు మందు పాతిపెట్టి పోయిండు, ఇంకొకడు మందు పెట్టి పేల్చుమంటుండు. నడిమిట్ల మనం నిలవడ్డం బావా" అని ఓంకార్ నవ్వేవాడు.

దారి మొదట లోయలోకి పడిపోయినట్టు దిగుతుంది. అడుగున ఎండిన వాగు, వాగు ఒడ్డున సాంబ్రాణి చెట్లు. పొట్టిగా, మెలికలు తిరిగి, ఆకులు తక్కువగా ఉంటాయి. స్థానికులు కత్తితో బెరడు మీద గాటు పెడితే పాలు కారి గడ్డకడతాయి. ఆ గడ్డలు చూసి ఓంకార్ మొదటిరోజు నోరు తెరిచాడు. "ఇంట్ల పొగ ఏసుకునే సాంబ్రాణి గిట్ల చెట్టుకు కారుతదా! నేను కోమటోళ్లు చేస్తరనుకున్న." అప్పటినుంచి దొరికిన ముక్కలన్నీ పాత పాలడబ్బాలో దాచాడు, వాణికి తీసుకెళ్లడానికి.

వాగు దాటాక దారి మళ్లీ ఎక్కాలి. ఎంత నిటారు అంటే, ఒక మలుపులో పనిచేసేవాడు తల ఎత్తితే పై మలుపులో పనిచేసేవాడి చెప్పుల అడుగులు కనిపించేవి.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మీదనుంచి మంచు వచ్చి కొండను కప్పేస్తుంది. అక్కడి వాళ్లు ఆ కాలాన్ని ఖరీఫ్ అంటారు. ఎండిన కొండ రెండు వారాల్లో పచ్చగా అవుతుంది, కానీ ఆ పచ్చదనాన్ని చూద్దామంటే నాలుగడుగుల అవతల ఏమీ కనిపించదు. "మనకాడ ఖరీఫ్ అంటే నాట్లేసుడు. గీడ ఖరీఫ్ అంటే గుడ్డోళ్ల లెక్క తడుముకునుడు" అన్నాడు ఓంకార్. రోడ్డు మీద ఒంటె ముక్కు తగిలేదాకా ఒంటె ఉన్నట్టు తెలిసేది కాదు.

ఓంకార్‌కు క్యాంపులో 'ఆహిస్తా సేఠ్', అంటే నిదానం సేఠ్, అని పేరు. పెషావర్ వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఎహసాన్ పెట్టాడు. అన్నం చల్లారేదాకా ముట్టడు. చెప్పులో ఇసుక పడితే నిలబడి, దులుపుకుని, మళ్లీ తొడుక్కుని గానీ కదలడు. నీళ్ల ట్యాంకర్ నడిపే కడప ఖాదర్‌వలి అతణ్ణి చూసి తల పట్టుకునేవాడు. "ఏమబ్బా ఓంకారూ, నువ్వు బండెక్కే లోపల నా గడ్డం నెరిసిపోతాది గదప్పా!"

"నెరిస్తే ఏమాయె వలి భాయ్. గప్పుడన్న జర పెద్దమనిషి లెక్క కనవడ్తవ్."

ఎనభై ఎనిమిది ఆగస్టులో ఒక మంగళవారం, పొద్దున పది దాటింది. పెద్ద పేలుడు ముందురోజే అయింది. విరిగిపడిన బండలు యంత్రానికి లొంగనంత పెద్దవి. వాటిని ముక్కలు చేయడానికి బండకొకటి చొప్పున రంధ్రాలు తొలిచి, మందు పెట్టి, వత్తులు బిగించారు. మొత్తం పదకొండు. మందు తెచ్చిన పోలీసు జీపు కింది మలుపులో ఆగి ఉంది. అక్కడే ఖాదర్‌వలి ఎర్రజెండా పట్టుకుని, పైకి ఎవరూ రాకుండా నిలబడ్డాడు.

మామూలుగా లచ్చన్న చెవితోనే కాదు, కంటితో కూడా లెక్క పెట్టేవాడు. బండ పేలితే పొగ లేస్తుంది. చప్పుడుకు పొగ సరిపోవాలి. ఆ రోజు కళ్లు పనికిరాలేదు. మంచు తడిబట్టలా మొహానికి అంటుకుని ఉంది. ఇంకో సంగతి ఉంది. అప్పటిదాకా వాళ్లు పనిచేసిన మలుపులన్నీ సముద్రంవైపు తెరుచుకున్నవి. చప్పుడు నీళ్ల మీదుగా పోయేది, తిరిగి వచ్చేది కాదు. ఈ మలుపులో అది మొదటిరోజు. లోయ అవతల ఎదురుగా నిటారుగా ఒక కొండగోడ ఉంది. మంచులో అది కనిపించలేదు.

వత్తులు అంటించి అందరూ కొండ మలుపు చాటుకు వచ్చారు. పేలుళ్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేకుండా. రాళ్లు ఒక్కొక్కటే లచ్చన్న కాళ్ల దగ్గర పడ్డాయి. తొమ్మిది. పది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత, కొంచెం దూరంగా, మెత్తగా, ఇంకొకటి.

పదకొండు.

పొగ తేలిపోనిచ్చారు. తర్వాత లచ్చన్న తన చేతిలో మిగిలిన రాయిని, ముందు వెళ్లాల్సిన ఓంకార్ చేతిలో పెట్టాడు. "పో" అన్నాడు.

ఓంకార్ రాయిని పిడికిట్లో బిగించుకున్నాడు. వంగి, చెప్పులో ఇసుక దులుపుకున్నాడు. తర్వాత గడ్డపలుగు అందుకుని, తొందరేమీ లేకుండా, మంచులోకి నడిచాడు. పది అడుగులు వేసేసరికి మనిషి కనిపించలేదు. పలుగు రాయికి తగిలిన శబ్దం వినిపించింది. ఆ వెంటనే పేలింది.

అందరికంటే ముందు లచ్చన్నే చేరాడు. మనిషి పోయాడని చూడగానే తెలిసింది. ఎడమచేయి మాత్రం ఏ దెబ్బా లేకుండా, మడిచిన పిడికిలితో, పక్కన పెట్టుకున్నట్టు ఉంది. లచ్చన్న ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ఎందుకు విప్పాడో అప్పుడు అతనికే తెలియదు. రాయి తీసుకుని జేబులో వేసుకున్నాడు. తల తిప్పితే వెనక, కింది మలుపు నుంచి పరుగెత్తుకొచ్చిన ఖాదర్‌వలి నిలబడి ఉన్నాడు. ఎర్రజెండా ఇంకా చేతిలోనే ఉంది.

మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చాడు. పక్కన పోలీసు నిలబడ్డాడు. పొమ్మని చెప్పింది నువ్వేనా అని ఎహసాన్ హిందీలో అడిగాడు, "జానే కో తూనే బోలా థా?" ఆ తర్వాత గొంతు తగ్గించి, "సోచ్ కే బోల్. జైల్ హో జాయేగీ" అని, ఆలోచించి చెప్పకపోతే జైలేనని హెచ్చరించాడు.

లచ్చన్న పోలీసు బూట్లవైపు చూశాడు. "నై సాబ్. మై నై బోలా" అన్నాడు.

అనుమతి లేకుండా ముందుకు వెళ్లి, తన తొందరపాటు వల్లే ఓంకార్ చనిపోయాడని కాగితం మీద రాశారు. ఆహిస్తా సేఠ్ తొందరపాటు వల్ల. పన్నెండు రోజుల తర్వాత శవం విమానంలో వెళ్లింది. సాంబ్రాణి డబ్బా కూడా వెళ్లింది. లచ్చన్న వెళ్లలేదు. కంపెనీ సెలవు ఇవ్వలేదని ఇంటికి కబురు పంపాడు. నిజానికి అతను అడగలేదు.

అక్టోబరులో మంచు విడిపోయాక ఒకరోజు అదే మలుపులో ఎవడో ఇనుపకడ్డీని లారీలోంచి కిందికి పడేశాడు. చప్పుడైంది. ఎదురు కొండ మళ్లీ అదే చప్పుడు చేసింది. లచ్చన్న అక్కడే కూర్చుండిపోయాడు. వరసగా పేలుతున్నప్పుడు కొండ జవాబులన్నీ తర్వాతి పేలుళ్ల కింద మునిగిపోయాయి. పదోదాని తర్వాత పేలింది ఏమీ లేదు గనుక, ఆ ఒక్క జవాబు విడిగా వినిపించింది. పదకొండో మందు పేలకుండా బండలోనే ఉండిపోయింది. వాళ్ల ఊళ్లో క్వారీ చుట్టూ కనుచూపు మేర చదును నేల. అక్కడ చప్పుడు ఒక్కసారే వినిపిస్తుంది. తాతలు నేర్పిన లెక్కలో కొండ లేదు.

మరుసటేడు దారి మీద తారు పడింది. చాలామంది వెళ్లిపోయారు. లచ్చన్న దారి బాగుచేసే ముఠాలో ఉండిపోయాడు. ఖాదర్‌వలి ట్యాంకర్ వదిలి పికప్ తోలడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున ఇద్దరూ ముగ్సైల్ నుంచి సర్ఫైత్ దాకా వెళ్లి, రాత్రి దొర్లిపడిన రాళ్లు తీసి పక్కన పారేసేవారు. ఆ మలుపు దగ్గర చెప్పకుండానే ఖాదర్‌వలి బండి ఆపేవాడు. లచ్చన్న దిగి, రోడ్డు అంచున కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కేవాడు.

దారి మీద చరిత్ర అలా నడిచిపోతూ ఉండేది. అవతల రెండు యెమెన్‌లు ఒక్కటయ్యాయన్నారు. తొంభై రెండులో పెద్దవాళ్లు కూర్చుని సరిహద్దు గీత గీసుకున్నారన్నారు. మేకలు ఎక్కించుకున్న బండ్లు అటూ ఇటూ తిరిగాయి. తొంభై నాలుగులో అవతల మళ్లీ కొట్టుకున్నప్పుడు, పైన పరుపులు కట్టుకుని, లోపల ముసలివాళ్లను కుక్కుకుని కొన్ని కార్లు ఇటు వచ్చాయి. అందులో ఒకామె బండి దిగి, లచ్చన్న తీసి పారేసిన రాయి మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆమె భాష అతనికి రాదు. నీళ్ల సీసా ఇచ్చాడు.

ఎనిమిదేళ్లు ఇంటికి పోలేదు. భార్య శాంతవ్వ ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత తన మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పంపేది. మొదట్లో ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత వానల గురించి, బర్రె గురించి మాత్రమే చెప్పింది. వాణి నుంచి ఎప్పుడూ ఏమీ రాలేదు.

తొంభై ఆరు జూలైలో, క్యాంపులో వంట చేసే కోరుట్ల గంగాధరం సెలవు మీద వెళ్లి వచ్చాడు. రెండు క్యాసెట్లు తెచ్చాడు. "ఒకటి నీ ఇంటిది. ఇంకోటి నీ చెల్లెది" అన్నాడు.

క్యాంపులో నలుగురి మధ్య కాకుండా వినడానికి ఉన్నది పికప్‌లోని టేపే. మంచులో లైట్లు వేసుకుని, రోడ్డు పక్కన బండి ఆపి, ఖాదర్‌వలి క్యాసెట్ పెట్టాడు. "నేను దిగాల్నా?" అని అడిగాడు.

"ఉండు" అన్నాడు లచ్చన్న.

వెనక కోళ్ల అరుపులు. ఎవరో దగ్గారు. తర్వాత వాణి గొంతు, ఎనిమిదేళ్లు ముదిరి.

"అన్నా, నేను వాణిని. మంచిగున్నవా అని అడుగ. ఒక్క మాట కోసం మాట్లాడుతున్న. మన క్వారీల లెక్కపెట్టే పెద్దయ్య మొన్న ఎండకాలం పోయిండు. ఇప్పుడు లెక్క ఎవలకూ సరిగ వస్తలేదు. మన నాయిన బిడ్డను, నాకొస్తది, రాళ్లు నేను పడ్త అన్న. వద్దన్నరు. ఎందుకన్నరో ఎర్కేనా? రాయి చేతుల పడకముందే బండ కాడికి ఉరికి సచ్చినోని పెండ్లాం రాళ్లు పట్టొద్దట. పట్టుకుంటే ఎవలూ బండ కాడికి పోరట." వెనక మళ్లీ కోళ్ల అరుపులు. "ఆయన ఉరికే మనిషా అన్నా? నీకెర్క లేదా? అన్నం సల్లగయ్యేదాక ముట్టని మనిషి. కంపెనీ కాయితంల ఏం రాసిన్రో నాకొద్దు. వాళ్లకు మన పద్ధతి ఎర్కలేదు, గందుకే దాని గురించి అడగలేదు. నేను అడుగుతున్న. ఆఖరి రాయి ఆయన చేతిల ఉండెనా, లేదా? గంతే. ఉన్నదంటే ఉన్నదను. లేదంటే లేదను."

టేపు గరగరమంటూ తిరుగుతూనే ఉంది. ఖాదర్‌వలి చేయి చాపి ఆపాడు. అద్దం మీద నీళ్లు కారుతున్నాయి.

"లచ్చన్నా" అన్నాడు ఖాదర్‌వలి. "ఆ పొద్దు నువ్వు ఆయప్ప చేతిలోంచి తీసుకున్యావే, అదేనా?"

లచ్చన్న తలూపాడు.

"నేనేదో తాయెత్తు అనుకున్యా. చెల్లెలికి పంపీడానికి తీసుకున్యావులే అని ఊరకుండినా." స్టీరింగు మీద చేత్తో చరిచి, "ఏమన్నా నువ్వు! ఇన్నేండ్లు ఈ మలుపులో బండి దిగినావే, దండం పెట్టుకుంటాండావని నేను బీడీ గూడా ఆర్పేస్తాంటి గదయ్యా!" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంది. ఆ తర్వాత వారం రోజులు అతను పనికి సంబంధించిన మాట తప్ప వేరే మాట్లాడలేదు.

లచ్చన్న గంగాధరం దగ్గర టేప్‌రికార్డర్ అడిగి తెచ్చుకున్నాడు. ఎన్నోసార్లు మొదలుపెట్టాడు. "చెల్లె" అన్న తర్వాత మాట వచ్చేది కాదు. చెరిపేవాడు. అలా సెప్టెంబరు గడిచిపోయింది. గంగాధరం తమ్ముడి పెళ్లికని అక్టోబరులో మళ్లీ ఊరికి బయల్దేరుతున్నాడు. ఇది తప్పితే మళ్లీ ఏడాది.

మంచు విడిపోయి కొండ పచ్చగా బయటపడిన ఒక పొద్దున, ఆ మలుపులో దిగాడు. బండి వెనకనుంచి ఖాళీ డ్రమ్మునూ సుత్తినీ కిందికి దించాడు. ఖాదర్‌వలి చూస్తూ కూర్చున్నాడు.

"వలీ, జర దిగు. పదిసార్లు కొట్టు. జల్ది జల్ది కొట్టాలె. పదికి ఆపు."

ఖాదర్‌వలి దిగాడు. లచ్చన్న టేప్‌రికార్డర్ మీట నొక్కాడు. "చెల్లె, లెక్కపెట్టు" అన్నాడు.

సుత్తి దెబ్బలు ఆగకుండా పడ్డాయి. పదోదానికి ఆగాయి. లోయ అవతలి గోడ, తీరిగ్గా, ఇంకొకటి కొట్టింది.

"ఎన్ని విన్నవు? పదకొండు విన్నవు. కొట్టింది పదే. గా ఆఖరుది కొండది. గీడ మనకాడి తీరుగ చదును కాదు. నాకు ఎర్క లేకపాయె. మంచుల కానరాకపాయె." అతను ఆగాడు. ఊపిరి శబ్దం టేపులోకి వెళ్లింది.

"ఆపేయాల్నా?" అని మెల్లగా అడిగాడు ఖాదర్‌వలి. చెప్పాల్సింది అయిపోయిందనుకున్నాడు. ఎవరు విన్నా ఇంతవరకు విని జాలిపడతారు.

లచ్చన్న చేయి అడ్డం పెట్టాడు. "వద్దు. అసలుది రాలే." మళ్లీ టేపువైపు వంగాడు. "లెక్క తప్పుడు నా తప్పు, అది మనిషితోని అయ్యే తప్పు. ఇంకోటి విను. రాయి ఇచ్చిన. నా చేతులతోని ఆయన చేతిల పెట్టిన. పో అన్న. చెప్పుల ఇసుక దులుపుకొని, మెల్లగ పోయిండు. రాయి పిడికిట్లనే ఉండె. ఏళ్లిప్పి నేనే తీసిన. సాబు అడిగితే నేను పొమ్మనలేదన్న. జైల్ల ఏస్తరని భయపడ్డ. చెల్లె, ఆయన ఉరకలేదు. తొందర నాది." మీట ఎత్తేశాడు.

రాయిని బట్టలో చుట్టి క్యాసెట్‌తో కలిపి గంగాధరానికి ఇచ్చాడు. "ఏందన్నా గిది, బంగారమా?" అని గంగాధరం నవ్వాడు. "పోగొట్టకు" అన్నాడు లచ్చన్న.

గంగాధరం డిసెంబరులో తిరిగి వచ్చాడు. సలాలా బస్టాండు నుంచి తీసుకురావడానికి ఇద్దరూ వెళ్లారు. క్యాసెట్ ఏమీ తేలేదు. నవ్వకుండా చెప్పాడు.

"వాణి అందరిని క్వారీ కాడికి పిలిపించింది. పెద్దమనుషుల నడిమిట్ల టేప్ పెట్టింది. రెండుసార్లు ఇనిపించింది. రాయి చూపించింది. ఎవలూ ఏమన్లే. మర్నాటి సంది లెక్క ఆమెనే పెడుతుంది. నేను ఉన్నప్పుడు చూసిన. పొగ కనవడేదాక రాయి ఇయ్యది. చప్పుడు ఎన్నిసార్లయినా సరే, పొగతోనే లెక్క."

"నాకేమన్న చెప్పిందా?"

గంగాధరం కాళ్లవైపు చూసుకున్నాడు. "చెప్పింది. 'అన్న ఇంటికి రావొచ్చు. తన ఊరు, తన పెండ్లాం. గని నా ఇంటి ముందట ఆగొద్దని చెప్పు' అన్నది."

వాణి ఇల్లు లచ్చన్న ఇంటికి వెళ్లే తోవలోనే ఉంది. బస్సు దిగితే ఆ వాకిలి ముందునుంచే నడవాలి. వేరే దారి లేదు.

ఆ వారమే లచ్చన్న సెలవు కాగితం పెట్టాడు. ఓంకార్ పోయాక ఇదే మొదటిసారి. సెలవు మంజూరై కాగితం చేతికి వచ్చిన రోజు సర్ఫైత్ దగ్గర సాయంత్రం దాకా పనిచేసి, ఇద్దరూ తిరుగుదారి పట్టారు. కొండ కింద సముద్రం చల్లగా, బూడిదరంగులో ఉంది. సాంబ్రాణి చెట్ల లోయలో అప్పుడే నీడ నిండుతోంది. ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి, అలవాటు ప్రకారం, ఖాదర్‌వలి బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఆపకు వలీ" అన్నాడు లచ్చన్న.

ఖాదర్‌వలి అతనివైపు చూశాడు.

"ఆగకుంట పోవుడు నేర్చుకోవాలె. పోనీ."

ఖాదర్‌వలి కాలు తీశాడు. బండి మలుపు తిరుగుతుంటే ఇంజన్ చప్పుడుకు ఎదురు కొండ జవాబిచ్చింది. లచ్చన్న కిటికీలోంచి బయటికి చూడలేదు. ఖాళీ ఎడమచేతిని పిడికిలి బిగించి మోకాలి మీద పెట్టుకుని, ముందున్న దారినే చూస్తూ కూర్చున్నాడు.